నేస్ కాలువలో పడవ కోర్బల్లీ దాకా ఎందుకు వెళ్లదు? నీళ్లు మాత్రం నిండుగానే ఉన్నాయి కదా

హార్బర్_పక్కిల్లు:

అందరికీ నమస్కారం. ఐర్లాండ్‌లో కిల్డేర్ కౌంటీలో ఉండేవాళ్లు ఎవరైనా ఉంటే సాయం చెయ్యండి. మేం నేస్‌లో కాలువ హార్బర్‌కి దగ్గర్లో ఇల్లు తీసుకున్నాం. మ్యాప్ తెరిస్తే సాలిన్స్ దగ్గర గ్రాండ్ కెనాల్ నుంచి ఒక నీలం గీత విడిపోయి మా ఊరి వైపు వస్తుంది, ఊళ్లోకి వచ్చే ముందు మళ్లీ చీలి దక్షిణంగా పొలాల్లోంచి కోర్బల్లీ అనే చోటి దాకా పోయి అక్కడ ఆగిపోతుంది. ఆ చివర ఊరు లేదు, నది లేదు, ఏమీ లేదు. ఇంత దూరం తవ్వి అక్కడెందుకు ఆపారో అర్థం కాదు.

సాలిన్స్‌లో మా వారి ఆఫీసు ఫ్రెండ్ ఒకాయనకి చిన్న క్రూజర్ ఉంది. వేసవిలో పిల్లల్ని ఎక్కించుకుని నేస్ దాకా వస్తానంటున్నాడు. కానీ "కోర్బల్లీ మాత్రం కుదరదు, అక్కడికి పడవలు పోవు" అని చెప్పి వదిలేశాడు, కారణం అడిగితే "రోడ్డు అడ్డం" అన్నాడు. కాలువకి రోడ్డు అడ్డం ఏంటో మరి.

ఇంకో సంగతి. మా మామయ్యగారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. రోజూ గట్టు మీద వాకింగ్‌కి వెళ్లి వచ్చి నన్ను అడుగుతున్నారు: "సాలిన్స్ పల్లం, నేస్ మెరక. మెరకకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయమ్మా? పడవలు పోని కాలువలో నీళ్లెందుకు నిలబెట్టారు?" నా దగ్గర జవాబు లేదు. మా మరిదికేమో చేపలు పట్టొచ్చా లేదా అన్నదే టెన్షన్. ఎవరికి ఏది తెలిస్తే అది చెప్పండి.

లాకుతాళం:

పడవ సంగతి నేను చెప్తానండి, మిగతాది మ్యాపుల ఆయన వచ్చి చెప్తారు, ఆయన్ని ఆపడం ఎలాగూ మన వల్ల కాదు.

సాలిన్స్ దాటి అక్విడక్ట్ (లిఫీ నది మీదుగా కాలువని దాటించే వంతెన) వైపు వెళ్తుంటే, దానికి ముందే ఎడమ చేతి వైపు ఒక పాయ కనిపిస్తుంది. ఆ చోటుని సోల్జర్స్ ఐలాండ్ అంటారు. అక్కడ తిరిగితే నేస్ 4 కి.మీ. మధ్యలో 5 లాకులు (రెండు వైపులా తలుపులుండి, నీళ్లు నింపి పడవని ఎక్కించే, ఖాళీ చేసి దించే గదులు), అన్నీ ఎక్కుడే. అంటే మీ మామయ్యగారు చెప్పింది కరెక్టు, నేస్ వచ్చేది మెయిన్ కాలువ కంటే బాగా ఎత్తులోకి. ఐర్లాండ్ కాలువల్లో స్పీడ్ లిమిట్ గంటకి 6 కి.మీ., దానికన్నా తక్కువలోనే పోవాలి, లేకపోతే అలలకి గట్టు మట్టి జారుతుంది. ఒక్కో లాకుకి కొత్తవాళ్లయితే 20 నిమిషాలు వేసుకోండి. మొత్తం మీద పోవడానికే రెండున్నర గంటలు. నడిచినవాళ్లు పడవ కంటే ముందే హార్బర్ చేరతారు, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

ఇక ఆయన చూసుకోవాల్సినవి. పడవకి కాలువల్ని చూసుకునే సంస్థ వాటర్‌వేస్ ఐర్లాండ్ పర్మిట్ ఉండాలి, సాలిన్స్‌లో కట్టి ఉంచే పడవంటే అది ఉండే ఉంటుంది. లాకుల తలుపుల్లోని నీటి షట్టర్లు ఎత్తడానికి ఒక ఇనుప హ్యాండిల్ కావాలి, లాక్ కీ అంటారు, అది లేకుండా మొదటి లాకు దగ్గరే ఆగిపోతారు. అన్నిటికంటే ముఖ్యం: బయల్దేరే ముందు ఆ ఏరియా వాటర్ పెట్రోలర్‌కి, అంటే కాలువని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగికి, ఫోన్ చేసి, నేస్ లైన్‌లో నీటి మట్టం ఎలా ఉంది, నాచు కోశారా లేదా అని అడగాలి. ఇది తక్కువ పడవలు తిరిగే పాయ. పడవలు తిరగకపోతే నాచు పెరుగుతుంది, నాచు పెరిగిందని పడవలు రావు, ఇదొక చక్రం. జులై, ఆగస్టుల్లో వస్తే ప్రొపెల్లర్‌కి చుట్టుకున్నది చేత్తో పీక్కుంటూ కూర్చోవాల్సి రావచ్చు. ఏప్రిల్ చివర, మే మొదట్లో హాయి. చలికాలంలో రిపేర్ల కోసం లాకులు మూస్తుంటారు కాబట్టి అప్పుడు అసలు ప్లాన్ పెట్టుకోవద్దు.

ఈ దేశం రూల్ ప్రకారం 7 మీటర్ల కంటే చిన్న పడవలో ఓపెన్‌గా కూర్చున్న ప్రతివాళ్లూ లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే, 16 ఏళ్ల లోపు పిల్లలైతే పడవ ఎంత పెద్దదైనా డెక్ మీద ఉన్నంతసేపూ వేసుకోవాలి. మొహమాటపడకుండా ముందే అడగండి, పిల్లల సైజు జాకెట్లు ఆయన దగ్గర ఉండకపోవచ్చు.

లాకులో ఎక్కేటప్పుడు పడవని తాడుతో కట్టేసి వదిలెయ్యొద్దు. నీళ్లు పెరిగేకొద్దీ తాడు సర్దుతూ ఉండాలి, ఆ పని ఎవరో ఒకరికి అప్పగించండి. ఎక్కేటప్పుడు నీళ్లు పైనుంచి జోరుగా వస్తాయి, షట్టర్ ఒక్కసారే పూర్తిగా ఎత్తితే చిన్న పడవ గింగిరాలు తిరుగుతుంది. కొంచెం ఎత్తి, ఆగి, మళ్లీ ఎత్తాలి.

పాతమ్యాపులపిచ్చి:

లాకుతాళం గారూ, ఆపలేరని తెలిసి కూడా పిలిచారు, కాబట్టి చదవక తప్పదు.

అసలు ఇది గ్రాండ్ కెనాల్ కంపెనీ తవ్విన పాయ కాదు. డబ్లిన్ నుంచి మొదలైన పెద్ద కాలువలో 1779 నాటికి సాలిన్స్ దాకా సరుకు పడవలు తిరగడం మొదలయ్యాయి. పక్కనే ఇంత దూరంలో కాలువ ఉండి మన ఊరికి రాకపోతే ఎలా అని నేస్ చుట్టుపక్కల వాళ్లు 1786లో సొంతంగా కౌంటీ ఆఫ్ కిల్డేర్ కెనాల్ కంపెనీ అని పెట్టుకున్నారు. 1789కి నేస్ హార్బర్ దాకా తెచ్చారు. వాళ్ల లెక్కలో నేస్ ఒక మజిలీ మాత్రమే, గమ్యం లిఫీ ఒడ్డున ఉన్న కిల్‌కల్లెన్. డబ్బులు నేస్‌లోనే అయిపోయాయి.

ఆ తర్వాత 1808లో గ్రాండ్ కెనాల్ కంపెనీ దీన్ని కొనుక్కుంది. కొని, 1810 నాటికి కోర్బల్లీ దాకా పొడిగించింది. కిల్‌కల్లెన్‌కి అది దగ్గరే కానీ కిల్‌కల్లెన్ కాదు. అందుకే మీకు మ్యాప్‌లో గీత ఊరూ పేరూ లేని చోట తెగిపోయినట్టు కనిపిస్తోంది. అక్కడి నుంచి సరుకు బండ్ల మీద పోయేది. చివర్లో ఒక హార్బర్ ఉంది, ఊరు లేని హార్బర్.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. నేస్ పాయకి ఇంజనీరు విలియం చాప్‌మన్. రోడ్డు కాలువని ఏటవాలుగా దాటుతుంటే అప్పట్లో వంతెన కట్టడానికి రోడ్డునే వంచేవాళ్లు, నిటారుగా దాటించి మళ్లీ అవతల వంచేవాళ్లు, ఎందుకంటే రాతి ఆర్చిని ఏటవాలుగా కడితే మూలలు విడిపోతాయని భయం. చాప్‌మన్ 1787లో ఇక్కడ ఫిన్లే బ్రిడ్జ్‌కి రాళ్ల వరసల్నే ఏటవాలుగా పేర్చి, రోడ్డు వంచకుండా ఆర్చి కట్టించాడు. తర్వాత వచ్చిన రైల్వేలవాళ్లకి ఇలాంటి వంతెనలు లేనిదే పూట గడవలేదు. డబ్బుల్లేక సగంలో ఆగిపోయిన ఒక చిన్న కంపెనీ కాలువ మీద జరిగిన పని ఇది! నేస్‌లో ఎవర్ని అడిగినా తెలియదు, నాకు అదే బాధ.

ఇప్పుడు "రోడ్డు అడ్డం" విషయం. 20వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి లారీలు వచ్చి కాలువల పని అయిపోయింది. 1960లో గ్రాండ్ కెనాల్‌లో సరుకు పడవలు ఆగిపోయాయి, 1961లో నేస్ పాయని అధికారికంగా మూసేశారు. పాత కాలువ వంతెనలు గూని వంతెనలు, కార్లు జోరుగా పోవాలంటే అవి ఇబ్బంది. పడవే రాని చోట గూని ఎందుకని కోర్బల్లీ పాయ మీద నేస్ నుంచి న్యూబ్రిడ్జ్ వెళ్లే రోడ్డు దగ్గర ఆ ఎత్తు తీసేసి రోడ్డుని చదును చేశారు. నీళ్లు కింద తూముల్లోంచి పోతాయి. పడవకి దారి లేదు. అదే రోడ్డు మీద 1630లలో కట్టడం మొదలుపెట్టిన జిగిన్స్‌టౌన్ కోట శిథిలాలు చూసే ఉంటారు, ఇటుక గోడలు. ఆ పక్కలనే మన కథ ఆగిపోయింది.

1986లో చట్టం చేసి కాలువల్ని రవాణా సంస్థ నుంచి పబ్లిక్ వర్క్స్ శాఖకి మార్చారు, ఆ మరుసటి ఏడే, 1987లో, నేస్ హార్బర్ దాకా లాకులు బాగుచేసి పాయని మళ్లీ తెరిచారు. సాలిన్స్‌కీ నేస్‌కీ మధ్య ఎం7 మోటార్‌వే అడ్డంగా వస్తుంది కదా, 1983లో తెరిచిన ఆ నేస్ బైపాస్ ఈ దేశంలో మొట్టమొదటి మోటార్‌వే. అది తెరిచేనాటికి కాలువ మూతపడే ఉంది. అయినా దాని కింద పడవ పట్టేంత దారి మిగిలింది, 4 ఏళ్లకి పడవలు వచ్చాయి కూడా. మోటార్‌వే కింద నుంచి దారి దొరికింది కానీ మామూలు రోడ్డు కింద దొరకలేదు.

హార్బర్_పక్కిల్లు:

బాబోయ్, ఇంత ఉందా దీని వెనక. కిల్‌కల్లెన్ వెళ్లబోయి ఆగిపోయిందన్నమాట. మామయ్యగారికి చదివి వినిపించాను, ఏటవాలు ఆర్చి దగ్గర ఆపి రెండుసార్లు చదివించుకున్నారు. కానీ ఆయన ప్రశ్న అలాగే ఉంది, "నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదేం?" అంటున్నారు.

తూము_లెక్కలు:

మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండమ్మా. నేను కూడా ఆ శాఖవాణ్నే, కాకపోతే ఇప్పుడు ఇక్కడ డిజైన్ ఆఫీసులో ఉన్నాను. ఆయన అడిగినది చాలా అసలైన ప్రశ్న, మిగతా అందరం పడవ గురించి మాట్లాడుతుంటే ఆయన కాలువ గురించి అడిగారు.

మన సాగు కాలువకి పై నుంచి నీళ్లు వదులుతాం, కిందికి పారుతుంది, లాకు ఉన్నా అది పారే కాలువే. ఇది వేరు. ఇక్కడ ఒక లాకుకీ ఇంకో లాకుకీ మధ్య నీళ్లు దాదాపు నిశ్చలంగా నిలబడి ఉంటాయి. పడవ ఎక్కాలన్నా దిగాలన్నా ప్రతిసారీ ఒక లాకు నిండే నీళ్లు పై మట్టం నుంచి కింది మట్టానికి పోతాయి, తిరిగి రావు. గ్రాండ్ కెనాల్ లాకుల్లో 18.5 మీటర్ల పొడవు, 3.9 మీటర్ల వెడల్పు పడవ పడుతుంది. ఎత్తు తేడా రెండున్నర మీటర్లనుకుంటే, ఆ పడవ కొలత ప్రకారమే చూసినా ఒక లాకుకి 1,80,000 లీటర్లు. లాకు గది పడవ కంటే కాస్త పెద్దదే కాబట్టి అసలు లెక్క ఇంకొంచెం ఎక్కువే.

ఇక్కడ చాలామంది 5 లాకులు కాబట్టి ఐదు రెట్లు అనుకుంటారు. కాదు. రెండో లాకు ఖాళీ చేసిన నీళ్లు మొదటి లాకు పైనున్న భాగంలోకే పడతాయి, మూడోది రెండోదాని పైకి, అలా. కాబట్టి నిచ్చెన మొత్తానికి కలిపి పై మట్టం కోల్పోయేది సుమారుగా ఒక్క లాకు నీళ్లే. అదే నీళ్లు మెట్టు మెట్టుగా దిగి చివరికి సాలిన్స్ దగ్గర మెయిన్ కాలువలో కలుస్తాయి. దానికి తోడు తలుపుల సందుల్లోంచి కారేది, గట్టులోకి ఇంకేది, ఎండకి ఆవిరయ్యేది. ఇదంతా ఎవరు భర్తీ చెయ్యాలి? పైన ఉన్నవాళ్లే.

పైన ఉన్నది ఏంటంటే, కోర్బల్లీ పాయ. నేస్ దాటాక కోర్బల్లీ దాకా ఒక్క లాకు కూడా లేదు. అంతా ఒకటే మట్టం, దాదాపు 8 కి.మీ. అంటే అది పడవలు పోని పనికిరాని కొస కాదు, ఈ 5 లాకుల నిచ్చెనకి నెత్తిన పెట్టిన నీళ్ల ట్యాంకు! అటువైపు ఊటలు, వాగుల నీళ్లు దాంట్లో చేరతాయి, అవి రోడ్డు కింద తూముల్లోంచి నేస్ వైపు వచ్చి లాకుల్ని నింపుతాయి. వెడల్పు 9 మీటర్లని వేసుకోండి, ఆ మట్టం 10 సెంటీమీటర్లు దిగిందంటే 72 లక్షల లీటర్లు కిందికి వచ్చినట్టు. మన లెక్కలో 40 లాకుల నీళ్లు. చిన్న పాయకి ఇది మంచి నిల్వే, కానీ వేసవిలో ఊట తగ్గినప్పుడు, పైగా తలుపులు కారుతున్నప్పుడు, 10 సెంటీమీటర్లు పోవడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు లాకుతాళం గారు చెప్పిన ఫోన్ అవసరమవుతుంది.

1961లో మూసేసినప్పుడు కోర్బల్లీ పాయలో నీళ్లు కూడా తీసేసి, అమ్మేసి, పూడ్చేసి ఉంటే 1987లో నేస్ లాకులు తెరిచినా వాటిలో పోయడానికి నీళ్లు వెతుక్కోవాల్సి వచ్చేది. తూము పెట్టినవాళ్లు పడవని ఆపారు కానీ నీటిని ఆపలేదు. మామయ్యగారికి రెండో ప్రశ్నకి ఇదే నా జవాబు.

మెయిన్ కాలువ కూడా ఇదే సూత్రం మీద బతుకుతోంది. దాని నెత్తి మట్టం రాబర్ట్స్‌టౌన్ పక్కన లోటౌన్ దగ్గర ఉంది, అక్కడికి నీళ్లు మిల్‌టౌన్ ఫీడర్ అనే పాయలో పోలార్డ్స్‌టౌన్ ఫెన్ అనే చిత్తడి నేల ఊటల నుంచి వస్తాయి. మీ ఇంటి నుంచి దూరం కాదు, ఆదివారం పెద్దాయన్ని తీసుకెళ్లండి, ఊట నీళ్లు చూస్తే సంతోషిస్తారు.

డబ్బు_ఎవరిది:

అందరూ ఇంత ప్రేమగా రాస్తుంటే చెడగొడుతున్నానేమో గానీ, ఒకటి అడుగుతా. నేస్ దాకా దారి ఉంది కదా, హార్బర్‌లో పడవలు ఎన్ని కనిపిస్తున్నాయి? నేను రోజూ ఆ పక్క నుంచే డ్రైవ్ చేస్తా, చాలా రోజులు బాతులు తప్ప ఏమీ ఉండవు. ఉన్న 4 కి.మీ.లోనే ఎవరూ తిరగడం లేదు, ఇంకో 8 కి.మీ. కోసం బిజీ రోడ్డు తవ్వి వంతెన ఎత్తమంటారా? ట్రాఫిక్ నెలల తరబడి ఆగుతుంది. ఆ డబ్బుతో ఉన్న లాకుల తలుపులు మార్చండి, నాచు కోయండి, గట్టు మీద సైకిల్ దారి వెయ్యండి. కోర్బల్లీలో దిగి ఎవరు ఏం చేస్తారు? అక్కడ టీ కొట్టు కూడా లేదు.

పాతమ్యాపులపిచ్చి:

బ్రో, తలుపుల సంగతి ఒప్పుకుంటా. ఉన్నది పాడుపెట్టి కొత్తది తెరవడం తెలివితక్కువ పని. కానీ "ఎవరూ తిరగడం లేదు కాబట్టి వద్దు" అన్న లెక్క తిరగేసి చూడు. రాయల్ కెనాల్ కూడా 1961లోనే మూసేశారు. దాని మీద కూడా రోడ్లవాళ్లు ఇలాగే వంతెనలు చదును చేసి తూములు పెట్టారు. 1974లో వాలంటీర్లు మొదలుపెట్టినప్పుడు నీలాగే అడిగారు, ఎవరు తిరుగుతారని. ఒక్కో రోడ్డు మళ్లీ ఎత్తుకుంటూ వచ్చి 2010లో షానన్ నది దాకా తెరిచారు. 36 ఏళ్లు పట్టింది, అది నిజమే.

చివర ఏమీ లేని హార్బర్‌కి పడవలు రావన్నది నిజం. అయితే నేస్ హార్బర్‌కి కూడా పడవలు తక్కువ రావడానికి సగం కారణం అదే, 5 లాకులు కష్టపడి ఎక్కి వచ్చాక ఇంకెక్కడికీ పోలేరు, అదే 5 లాకులు దిగాలి. పైన ఒక రోజంతా లాకు లేకుండా పొలాల మధ్య తిరిగే దారి ఉంటే ఆ ఎక్కుడికి అర్థం వస్తుంది. అయినా ఇది ఇప్పట్లో జరుగుతుందని నేను అనుకోవడం లేదు, అడుగుతూ ఉండకపోతే మాత్రం అసలే జరగదు.

డబ్బు_ఎవరిది:

రాయల్ కెనాల్ డబ్లిన్‌ని షానన్‌తో కలుపుతుంది, అది దారి. ఇది సందు. రెండిటికీ ఒకే వాదన పనికిరాదు. తూము_లెక్కలు గారు చెప్పినట్టు అది నీళ్ల ట్యాంకు అయితే ట్యాంకులానే చూసుకుందాం, చెత్త పడకుండా, గట్టు తెగకుండా. గట్టు తెగితే ఏమవుతుందో ఈడెన్‌డెర్రీ దగ్గర 1989లో చూశారు కదా, బురద నేల మీద పోయే మెయిన్ కాలువ గట్టే కొట్టుకుపోయింది. నేను ఖర్చు పెట్టమనేది అలాంటివి రాకుండా ఉండడానికి.

గాలం:

మీ కొట్లాట మధ్యలో మరిదిగారి ప్రశ్న గాల్లో ఉండిపోయింది. కోర్బల్లీ పాయ పడవలవాళ్లకి దుఃఖం, మాకు పండగ. ప్రొపెల్లర్ లేదు, అలలు లేవు, రెల్లు పెరిగి ఉంది. రోచ్, రడ్, పెర్చ్, టెంచ్, పైక్, ఈ కాలువల్లో ఇవే. సాల్మన్‌కీ సీ ట్రౌట్‌కీ మాత్రమే స్టేట్ లైసెన్స్ కావాలి, వీటికి లైసెన్స్ అక్కర్లేదు.

కానీ బ్రదర్, బుట్ట నింపుకుని ఇంటికొచ్చి పులుసు పెట్టేద్దాం అనుకుంటే కుదరదు. పైక్ రోజుకి ఒక్కటే ఉంచుకోవచ్చు, అదీ 50 సెంటీమీటర్లు దాటకూడదు. మిగతా జాతులు రోజుకి 4, ఒక్కొక్కటీ 25 సెంటీమీటర్ల లోపే. అంటే ఇక్కడ రూల్ తలకిందులు, పెద్దది పడితే వదిలెయ్యాలి, చిన్నదే ఉంచుకోవాలి. పిల్లల్ని కనే పెద్ద చేపలు మిగలాలని. బతికున్న చేపని ఎరగా గుచ్చకూడదు. రెండు గాలాల కంటే ఎక్కువ వెయ్యకూడదు. ఇన్‌లాండ్ ఫిషరీస్ ఐర్లాండ్ వాళ్లు వచ్చి చూస్తారు, "మాకు తెలియదు" అంటే ఊరుకోరు. ఇక్కడ చాలామంది అసలు ఒక్కటీ ఉంచుకోరు, పట్టి, ఫొటో తీసి, వదిలేస్తారు. ముళ్లు తీసుకుంటూ తినేంత రుచి కూడా లేదు, నన్నడిగితే.

కయాక్ గురించి కూడా ఒక మాట. కోర్బల్లీ వైపు కయాక్‌లో వెళ్లేవాళ్లు ఉన్నారు, న్యూబ్రిడ్జ్ రోడ్డు దగ్గర ఒడ్డుకొచ్చి కయాక్ మోసుకుని రోడ్డు దాటి అవతల మళ్లీ దించుకోవాలి. బండ్లు జోరుగా వస్తాయి, పిల్లలతో అయితే వద్దు. తూము లోంచి దూరిపోదామని మాత్రం ఎవరూ అనుకోవద్దు. వేరే చెరువులోనో నదిలోనో వాడిన కయాక్ అయితే కడిగి, ఆరబెట్టి దించండి, జీబ్రా మసెల్ (చారల ఆల్చిప్ప) లాంటివి ఒక నీటి నుంచి ఇంకో నీటికి అలాగే పాకుతాయి. ఇంటికొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు ఒకటుంది, నిలవ నీళ్లలో భయం ఎక్కువ.

హార్బర్_పక్కిల్లు:

అందరికీ థాంక్స్. మామయ్యగారు తూము_లెక్కలు గారి లెక్కని కాగితం మీద మళ్లీ వేసుకున్నారు. ఆయన అనుమానం ఒకటే మిగిలింది: పడవ పైకి ఎక్కేటప్పుడు 5 లాకులూ నిండి ఉంటే ముందు ఖాళీ చెయ్యాలి కదా, అప్పుడు నీళ్లు ఎక్కువ పోవా అని. ఇంకోటి, ఆయన్ని సాలిన్స్ నుంచి నేస్ దాకా నడిపించొచ్చా? మోకాళ్లు కొంచెం నొప్పి. స్ట్రోలర్ తోసుకుని నేనూ వస్తాను.

తూము_లెక్కలు:

పెద్దాయన పట్టేశారు. అవును, నిండి ఉంటే ప్రతి లాకూ ముందు ఖాళీ చెయ్యాల్సిందే. అయితే ఆ నీళ్లు కూడా కింది భాగంలోకే పోతాయి, నిచ్చెన లోపలే సర్దుకుంటాయి. పై మట్టం మీద పడేది మాత్రం చివరి లాకు నింపే నీళ్లే. కాకపోతే మధ్యలో భాగాలు పొట్టివైతే అక్కడి మట్టం తాత్కాలికంగా పెరిగి గట్టు పొర్లనూ వచ్చు, తగ్గి పడవ అడుగు తగలనూ వచ్చు. ఎక్కిన పడవ వెనకే దిగే పడవ ఉంటే ఎక్కినప్పుడు నింపిన లాకులోనే దిగుతుంది, నీళ్లు ఆదా. అందుకే తెలిసినవాళ్లు ఎదురు పడవ కోసం ఆగుతారు. నేస్ పాయలో ఆగితే సాయంత్రం దాకా ఆగాలి, అది వేరే విషయం.

లాకుతాళం:

నడకకి ఇబ్బందేం లేదండి. సాలిన్స్ అండ్ నేస్ స్టేషన్‌లో ట్రైన్ దిగి కాలువ పట్టుకుంటే నేస్ వైపు గట్టు దారే, లాకుల దగ్గర మాత్రమే చిన్న ఎక్కుళ్లు, మిగతాదంతా చదును. పోను మాత్రమే నడిచి, వెనక్కి బస్సులో రండి, మోకాళ్లకి అది మేలు. వాన పడ్డ మర్నాడు స్ట్రోలర్ చక్రాలు బురదలో దిగబడే చోట్లు ఉంటాయి. లాకు తలుపుల మీద నడిచి అవతలికి దాటడం మాత్రం పిల్లలకి నేర్పొద్దు, పక్క గోడ నిలువు, లోపల పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ ఫ్రెండ్ పడవ కొలతలు కనుక్కున్నారా?

హార్బర్_పక్కిల్లు:

వెడల్పు 3 మీటర్లట, లాకులో పడుతుంది కదా?

లాకుతాళం:

వెడల్పు సమస్యే కాదు. నీళ్లలో పడవ ఎంత లోతు మునుగుతుందో అడగండి. మెయిన్ కాలువకి 1.2 మీటర్లు అని రాసి ఉంటుంది, ఈ పాయలో అంత నమ్ముకోవద్దు, 80 సెంటీమీటర్ల లోపు అయితే ధైర్యంగా రమ్మనండి. ఎక్కువైతే ముందు పెట్రోలర్‌తో మాట్లాడి, ఆయన సరేనన్నాకే పిల్లలకి డేట్ చెప్పండి.